సివిల్ వార్ రీనాక్ట్‌మెంట్ మొదలుపెట్టాలంటే: తుపాకీ ఆఖర్న కొనండి

[తెర మీద: పొలంలో నీలం కోట్ల వరస, తెల్లటి పొగ]

నమస్తే! అమెరికాలో ఉత్తరాది (యూనియన్, నీలం కోట్లు), దక్షిణాది (కాన్ఫెడరేట్, బూడిద రంగు కోట్లు) రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధమే సివిల్ వార్. అందులో భాగంగా 1863 జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలోని గెటీస్‌బర్గ్ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు రెండు వైపులా కలిపి దాదాపు 51 వేల మంది. అప్పటి సైనికుల యూనిఫాం వేసుకుని, వాళ్ల కవాతు నేర్చుకుని, అలాంటి పోరాటాన్ని జనం ముందు మళ్లీ నడిపి చూపించే హాబీయే రీనాక్ట్‌మెంట్. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరికైనా ఆసక్తి ఉంటే, ఈ వీడియో మీకోసమే.

ముందుగా దగ్గర్లో ఉన్న యూనిట్‌ని, అంటే రీనాక్ట్‌మెంట్ చేసేవాళ్ల బృందాన్ని, వెతుక్కోండి. అప్పటి ఏ రెజిమెంట్‌గా (సైనిక దళంగా) నిలబడతారన్నదాన్ని బట్టే కోటు, టోపీ, తుపాకీ మారతాయి. తొందరపడి కొన్నవి అక్కడ పనికిరాకపోవచ్చు. చాలా యూనిట్లు కొత్తవాళ్లకు సామాను అరువిస్తాయి. సరైన సైజు బూట్లు మాత్రం అరువు దొరకడం కష్టం, అందుకే నా సలహా ముందు అవే కొనమని. జూలై ఎండలో ఉన్ని కోటు వేసుకుని నడవాలి కాబట్టి నీళ్లు తాగుతూనే ఉండాలి.

[తెర మీద: 1861 స్ప్రింగ్‌ఫీల్డ్ మస్కెట్, దగ్గరగా]

అప్పటి సైనికుల పొడవాటి తుపాకీ ఇది, దాదాపు నాలుగు కిలోల బరువు. తుపాకీమందు ఉన్న కాగితం పొట్లాన్ని పళ్లతో చింపి, ఆ మందుని గొట్టంలో పోస్తారు. అప్పటి సైనికుడైతే ఆ తర్వాత గుండు వేసి, ఇనుప కడ్డీతో లోపలికి దట్టించేవాడు. ఇక్కడ గుండు ఉండదు. కాల్పుల మధ్యలో కడ్డీ కూడా బయటికి తియ్యరు. పొరపాటున గొట్టంలో మర్చిపోతే అది బాణంలా దూసుకెళ్తుంది మరి. అవతలి వరసలో ఉన్నవాళ్ల తలల పైకి గురిపెట్టే కాలుస్తారు. ఇదంతా చేతులకు అలవాటయ్యేదాకా డ్రిల్ చేయిస్తారు. విసుక్కోకండి, ఈ హాబీలో ప్రాణాలు కాపాడేది డ్రిల్లే.

ఒక విషయం నాకు చాలా నచ్చింది. అసలు యుద్ధం జరిగిన నేషనల్ పార్క్ నేలల్లో ఎదురెదురుగా నిలబడి ఉత్తుత్తి పోరాటం చెయ్యనివ్వరు. అక్కడ నిజంగా మనుషులు చనిపోయారు కదా. అందుకే పోరాటాలు ప్రైవేటు పొలాల్లో జరుగుతాయి.

[తెర మీద: గెటీస్‌బర్గ్ స్మారకాలు]

"మన మొహాలు అక్కడ నప్పుతాయా?" అని చాలామందికి టెన్షన్. చైనాలో పుట్టిన జోసెఫ్ పియర్స్ 14వ కనెక్టికట్ రెజిమెంట్‌లో చేరి గెటీస్‌బర్గ్‌లో పోరాడాడు. యూనియన్ సైన్యంలో దాదాపు 1,79,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు. కాబట్టి ధైర్యంగా వెళ్లండి.

చూడటానికి వచ్చిన పిల్లలు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, ఈ సివిల్ వార్ ఎందుకు జరిగిందని. ఏ రంగు కోటు వేసుకున్నా, బానిసత్వం వల్లే జరిగిందని సూటిగా చెప్పాలి. యూనిట్‌లో చేరేముందే, పిల్లలకు మీరేం చెబుతారని వాళ్లనడగండి. ఆ మాట చెప్పడానికి తటపటాయిస్తే ఇంకో యూనిట్ చూసుకోండి.