మీసాలున్న అమ్మ: గిజుభాయి బధేకాపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. గుజరాత్‌లో ఒక మాస్టారిని జనం 'మూఛాళీ మా' అని పిలుచుకున్నారు, మీసాలున్న అమ్మ అని. ఆయనే గిజుభాయి బధేకా. ఆయన గురించి మాట్లాడటానికి పిల్లల మనస్తత్వం చదివిన డాక్టర్ గారు, ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్న టీచర్ గారు, రిటైరైన మాస్టారు వచ్చారు. మాస్టారూ, కోర్టులో ఉండాల్సిన మనిషి బడికెలా వచ్చాడండీ?

మాస్టారు: కొడుకు పుట్టడం వల్లనండి. 1885లో సౌరాష్ట్రలో పుట్టారు. తూర్పు ఆఫ్రికా వెళ్లొచ్చి, లా చదివి వకీలయ్యారు. 1913లో బాబు పుట్టాడు. వీణ్ణి ఏ బడికి పంపాలి అని వెతుకుతుంటే ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పుస్తకం చేతికొచ్చింది. అంతే, 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరిపోయారు. 1920లో అక్కడే చిన్నపిల్లల బడి, బాలమందిరం తెరిచారు.

వ్యాఖ్యాత: అయితే మాంటిస్సోరి శిష్యుడనుకోవచ్చా?

డాక్టర్: సగమే. ఇంద్రియాలకు పనిచెప్పే వస్తువులు, పిల్లవాడి స్వేచ్ఛ, వాటిని ఆమె నుంచే తీసుకున్నారు. కానీ చిన్నపిల్లలకు రాజులు, రాక్షసుల కథలు వద్దు, ముందు నిజమైన లోకాన్ని తెలుసుకోనివ్వండి అంటారామె. గిజుభాయి అక్కడ ఒప్పుకోలేదు. జానపద కథలు సేకరించారు, పాటలు పాడించారు, నాటకాలు ఆడించారు. మన పిల్లలు అమ్మమ్మ ఒళ్లో కథ వింటూ పెరిగినవాళ్లని ఆయనకు తెలుసు. నన్నడిగితే ఆయన గొప్పతనమంతా ఆ ఒప్పుకోకపోవడంలోనే ఉంది.

టీచర్: డాక్టర్ గారూ, కాస్త అడ్డొస్తున్నాను. బాలమందిరంలో ఇదంతా బాగానే ఉంటుంది. నా గదిలో నలభై మంది. సిలబస్ అవ్వాలి, పరీక్ష పెట్టాలి, రిజిస్టర్లు రాయాలి. కథలు చెబుతూ కూర్చుంటే పై అధికారి ఊరుకుంటారా?

మాస్టారు: సరిగ్గా ఆ ప్రశ్నకే గిజుభాయి 'దివాస్వప్న' అనే పుస్తకం రాశారమ్మా. తెలుగులో 'పగటికల' అని వచ్చింది. ఆ కథలోని మాస్టారు ప్రత్యేకమైన బడి అడగడు. మామూలు బడిలో నాలుగో తరగతి ఒక్క ఏడాది ఇవ్వండని విద్యాధికారిని అడుగుతాడు. అధికారి పరీక్షలూ, పాఠ్యక్రమమూ అన్నీ గుర్తుచేసే ఇస్తాడు. ఇక మొదటి రోజేమైందో చదివారా?

టీచర్: నవ్వొచ్చింది, తర్వాత ఏడుపూ వచ్చింది. నా మొదటి ఏడాదే గుర్తొచ్చింది.

మాస్టారు: అందరూ కదలకుండా కళ్లు మూసుకుని చుట్టూ వినిపించే చప్పుళ్లు వినే మౌనం ఆట పెడతాడు పాపం. పిల్లలు గోల గోల చేస్తారు. చేసేదిలేక ఇంటికి పంపేస్తాడు. హెడ్మాస్టరుకు కోపం. తన పద్ధతే గొప్పదని చెప్పడానికి పుస్తకం రాసినాయన ఓటమితో మొదలుపెట్టాడు చూడండి!

డాక్టర్: ఈ భాగం నేను టీచర్ల శిక్షణలో తప్పకుండా చదివిస్తాను. భయంతో నోరు మూయించిన పిల్లలకు, ఆ భయం తీసేసిన రోజు అరవడమే వస్తుంది. అది చెడ్డతనం కాదు, బిగించిన స్ప్రింగు వదలడం. చాలామంది ఆ ఒక్క రోజు చూసి, వీళ్లకు బెత్తమే మందు అని వెనక్కి పోతారు. 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ రెండో రోజు ఏం చేయాలో చట్టం చెప్పదు. గిజుభాయి చెప్పారు.

వ్యాఖ్యాత: రెండో రోజు ఏం చేశాడు?

డాక్టర్: కథ మొదలుపెట్టాడు. ఒక రాజు, ఏడుగురు రాణులు. నిన్న ఆటకు ఆగని పిల్లలు కథకు ఆగారు. తర్వాతేమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం వాళ్ల లోపలి నుంచి పుట్టింది, మాస్టారి కళ్లెర్రలోంచి కాదు. తర్వాత పుస్తకాలు, ఆటలు, శుభ్రత, చదువు అన్నీ ఆ తలుపులోంచే వచ్చాయి.

వ్యాఖ్యాత: ఆయన తర్వాత ఈ పని ఆగిపోయిందా?

మాస్టారు: ఆగలేదండి. ఆయన ఉండగానే, 1923లో తారాబాయి మోడక్ అనే విద్యావేత్త వచ్చి చేరారు. 1926లో ఇద్దరూ కలిసి పిల్లల చదువు కోసం నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్ పెట్టారు. తర్వాత ఆవిడ మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి, ఆపైన కోస్బాడ్‌కి వెళ్లి ఆదివాసీ పిల్లల మధ్య బాలవాడీలు, అంటే బడి ఈడు రాని పిల్లల కేంద్రాలు నడిపారు. మన ఊళ్లలోని అంగన్‌వాడీకి ఆ పని కూడా ఒక పునాది. 1939 జూన్‌లో గిజుభాయి పోయారు. అదే ఏడాది నవంబరులో మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చారు. నాకిది తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కథల సంగతి ఆమెతో ఎదురుగా వాదించి ఉంటే ఎంత బాగుండేది!

టీచర్: మాస్టారూ, మీరు మీ తరగతిలో ఏ కథ చెప్పారు?

మాస్టారు: ఏడు చేపల కథేనమ్మా. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే, గడ్డిమోపు అడ్డొచ్చింది అని గదంతా పలికేది. ఊ కొట్టేవాళ్లు ఊ కొడుతూనే ఉండేవాళ్లు.

టీచర్: ఊ కొట్టనివాడో? నాకున్నాడు ఒకడు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు.

మాస్టారు: మావాడొకడు మూడు వారాలు పెదవి విప్పలేదు. నాలుగో వారం పరాకున ఆవు దగ్గర్నుంచి నేరుగా చీమ దగ్గరికి వెళ్లిపోయాను. వెనక బెంచీలోంచి లేచాడు. "అవ్వ బువ్వ పెట్టలేదు సార్, అది మర్చిపోయారు" అన్నాడు.