ఉత్తుత్తి ప్రేమలో ఉన్న నిజం

అందరికీ నమస్కారం.

"చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు కదా, ఇంకేం చదువుతావు?" ప్రేమ నవలలు చదివేవాళ్లకు ఈ మాట తప్పదు. తెలిసే చదువుతాం. ఎలా కలుస్తారన్నదే మనకు కావాలి. ముఖ్యంగా రెండు రకాల కథలంటే నాకు చాలా ఇష్టం: లోకం కోసం ప్రేమికుల్లా నటించే జంట, ఉప్పూ నిప్పులా ఉండే జంట.

మనకు బాగా తెలిసిన కథ 1955లో సినిమాగా వచ్చింది. 'మిస్సమ్మ'. రావుకు ఉద్యోగం లేదు. మేరీకి అప్పు తీర్చాలన్న టెన్షన్. అప్పాపురం బడిలో ఉద్యోగం కావాలంటే భార్యాభర్తలై ఉండాలి. మతాలు వేరైన ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పి ఒకే ఇంట్లో దిగుతారు. అతను సర్దుకుపోయే మనిషి, ఆమెకు ముక్కు మీద కోపం.

ఊరందరికీ అబద్ధం చెప్పే ఈ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నటించక్కర్లేదు. పెళ్లిచూపుల్లో అయితే ఇరువైపులా మంచి మొహమే చూపిస్తారు. ఇక్కడ మెప్పించాల్సిన పనే లేదు. మేరీ చిరాకంతా చూశాకే రావు ఆమెను ఇష్టపడతాడు. ఆ ఇష్టాన్ని మనం నమ్ముతాం. తర్వాత అతను జమీందారు కూతురు సీతతో చనువుగా ఉంటే మేరీకి ఒళ్లు మండుతుంది. ఊరికి ఆమే భార్య, అడిగే హక్కు మాత్రం లేదు! ఇంత మంచి ఇరకాటం మామూలు ప్రేమకథలో దొరకదు.

జెన్నీ హాన్ 2014 నవల 'టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్'లో ప్రేమికుల్లా నటించే లారా జీన్, పీటర్ ఏకంగా షరతులు కాగితం మీద రాసుకుంటారు. ఒప్పందం ఉంది కాబట్టి బిడియస్తురాలికీ ధైర్యం వస్తుంది. ఇలాంటి కథల్లో నేను ఎదురుచూసేది ఒక్క ఘట్టం కోసమే. చుట్టూ ఎవరూ లేరు, నటించాల్సిన అవసరం లేదు, అయినా ఒకరు రెండోవాళ్ల కోసం ఏదో చేస్తారు. అక్కడ పుస్తకం మూయడం నావల్ల కాదు.

ఉప్పూ నిప్పు కథలకూ నేను పెట్టే పరీక్ష ఇదే. హీరో కసురుకుంటే అదే వ్యక్తిత్వం అనుకునే నవలలు మనకూ బోలెడు వచ్చాయి. అవి నాకు నచ్చవు. జేన్ ఆస్టిన్ 1813లోనే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో ఇంతకన్నా మంచి దారి చూపించింది. అందులో హీరో డార్సీ మొదటిసారి పెళ్లి ప్రస్తావన తెస్తూ హీరోయిన్ ఎలిజబెత్ కుటుంబాన్ని తక్కువ చేసి మాట్లాడతాడు. ఆమె మొహం మీదే కాదంటుంది. ఆ తర్వాత ఆమె చెల్లెలు లేచిపోతే, అతనే వెళ్లి వెతికి, డబ్బిచ్చి, ఆ పెళ్లి జరిపిస్తాడు. ఆ సంగతి ఎలిజబెత్‌కు తెలియకూడదనీ చూస్తాడు. ఆమెకు అది వేరేవాళ్ల ద్వారా తెలుస్తుంది.

మీరు చదివిన నవలల్లో అలాంటి ఘట్టం ఏదో ఇప్పుడు మీరు చెప్పండి. నాకు వినాలని ఉంది.