ఆరో వీధి మీద ఒక మైలు: అమెరికాలో బానిసత్వాన్ని వద్దన్న తొలితరం

యాంకర్: నమస్కారం. అమెరికాలో బానిసత్వం అనగానే మనకు లింకన్ గుర్తొస్తాడు. ఇవాళ మనం మాట్లాడుకునేది లింకన్ పుట్టకముందు నుంచే "ఇది తప్పు" అని చెప్పి తిట్లు తిన్నవాళ్ల గురించి. స్టూడియోలో చరిత్ర లెక్చరర్ మేడమ్ ఉన్నారు. రిటైరయ్యాక ఆనాటి కరపత్రాలను తెలుగు చేసే పనిలో పడ్డ మాస్టారు ఉన్నారు. ఫిలడెల్ఫియా నుంచి ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు లైన్లో ఉన్నారు. మీతోనే మొదలుపెడదాం బ్రదర్.

ఫిలడెల్ఫియా మిత్రుడు: నమస్తే అండీ. మనవాళ్లు అమ్మానాన్నలు వచ్చినప్పుడు లిబర్టీ బెల్ దగ్గరికి తీసుకెళ్లి, ఫొటో దిగి వచ్చేస్తారు. నేనూ చాలాకాలం అంతే. ఆ గంట ఆరో వీధి పక్కనే ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టింది కూడా వీళ్లే. 1830ల్లో బానిసత్వ వ్యతిరేక పత్రికలు దాన్ని లిబర్టీ బెల్ అనడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా అది స్టేట్ హౌస్ గంట. అక్కణ్నుంచి దక్షిణంగా నడిస్తే లంబార్డ్ వీధి మలుపులో మదర్ బెథెల్ చర్చి, ఉత్తరంగా నడిస్తే ఒకప్పుడు పెన్సిల్వేనియా హాల్ ఉన్న చోటు. ఈ చివర నుంచి ఆ చివరకి మైలు ఉండదు.

యాంకర్: మేడమ్, వీళ్లలో మొదటివారు ఎవరు?

లెక్చరర్: మొదటివారు అంటే పారిపోయిన బానిసలే. వాళ్ల పేర్లు చాలావరకు మనకు దొరకవు. కాగితం మీద చూస్తే 1688లో ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో బానిసత్వం తప్పని నలుగురు క్వేకర్ల సభకి రాసిన అర్జీ ఉంది. క్వేకర్లంటే యుద్ధం వద్దనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. కింది సభ "ఇది మా వల్ల కాదు" అని పైకి పంపింది, ఆ సభ ఇంకా పైకి పంపింది, అక్కడ పక్కన పడేశారు. మన ఆఫీసుల్లో ఫైలు నడిచినట్టే! నాకు మాత్రం బెంజమిన్ లే గురించి చెప్పాలని ఉంది.

యాంకర్: చెప్పండి.

లెక్చరర్: ఇంగ్లండులో పుట్టిన క్వేకరు. మనిషి నాలుగడుగులు, గూని. కొన్నాళ్లు ఓడల్లో పనిచేశాడు. తర్వాత భార్య సారాతో బార్బడోస్‌లో చిన్న కొట్టు పెట్టాడు. అక్కడ ఆకలికి తాళలేక బానిసలు కొట్లో తిండి దొంగిలించేవాళ్లు. లే వాళ్లను కొట్టాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు, జీవితాంతం అది ఆయన్ని వదల్లేదు. 1732లో ఫిలడెల్ఫియా వచ్చాడు. ఇక్కడా క్వేకర్ల ఇళ్లలో బానిసలే. శాంతి గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ల ఇళ్లలో!

మాస్టారు: ఆ పళ్ల రసం సంగతి చెప్పండి మేడమ్, ఊరిస్తున్నారు.

లెక్చరర్: వస్తున్నా మాస్టారూ. 1738, న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో క్వేకర్ల వార్షిక సభ. లే పెద్ద కోటు వేసుకుని వచ్చాడు. లోపల సైనికుడి దుస్తులు, కత్తి. చేతిలో ఒక పుస్తకం. లోపలి కాగితాలు కోసేసి, జంతువు మూత్రాశయంలో పోక్‌బెర్రీ అనే పళ్ల రసం నింపి అందులో దాచాడు. చిక్కటి ఎరుపు. లేచి నిలబడి కోటు విసిరేసి, తోటి మనుషుల్ని బానిసలు చేసినవాళ్ల రక్తం దేవుడు ఇలా కళ్లజూస్తాడని అరిచి, పుస్తకంలో కత్తి దించాడు. పక్కన కూర్చున్న బానిసల యజమానుల మీద ఎర్రగా చిందింది. జనం ఆయన్ని ఎత్తుకెళ్లి బయట పడేశారు. ఆయన పెనుగులాడలేదు కూడా.

యాంకర్: ఇవాళ్టి లెక్కలో అయితే వైరల్ వీడియో.

లెక్చరర్: ఆయనకి తెలిసి చేసిన పనే అది. ఇంకోసారి మంచులో ఒక కాలికి చెప్పు లేకుండా సభ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్లు "జబ్బు చేస్తుందయ్యా" అన్నారు. "నా మీద జాలి చూపిస్తున్నారు, మీ పొలాల్లో చలికాలమంతా అరకొర బట్టతో ఉండేవాళ్ల మీద ఆ జాలి లేదేం?" అన్నాడు. అవిసె నార తనే వడికి బట్టలు చేసుకున్నాడు, మాంసం మానేశాడు, ఒక గుహలో కాపురం పెట్టాడు.

యాంకర్: మనకు గాంధీగారు గుర్తొస్తున్నారు.

లెక్చరర్: పోలిక అక్కడికి ఆపేద్దాం. గాంధీ మాట విని జనం కదిలారు. బెంజమిన్ లే విషయంలో తన మతంవాళ్లే ఆయన్ని వెలివేశారు. ఆయన పుస్తకాన్ని అచ్చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ముద్రాపకుడిగా తన పేరు వేసుకోలేదు. అప్పట్లో ఫ్రాంక్లిన్ ఇంట్లోనూ బానిసలున్నారు మరి. 1758లో, బానిసల్ని కొనే, అమ్మే క్వేకర్ల మీద చర్య తీసుకోవాలని సభ తీర్మానించింది. అప్పటికి లే వయసు డెబ్బై ఆరు. మరుసటి ఏడాదే పోయాడు.

మాస్టారు: నేను కొంచెం అడ్డం వస్తాను. లే గొప్పవాడే, కాదనను. కానీ ఈ కథ చెప్పేటప్పుడు మనకు ఒక తెల్లాయన, ఒక నాటకీయ సన్నివేశం దొరకగానే అక్కడే కూర్చుంటాం. నాకు రిచర్డ్ ఆలెన్ లెక్కల పుస్తకం ముఖ్యం.

లెక్చరర్: పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఏదీ కదల్లేదు మాస్టారూ.

మాస్టారు: ఒప్పుకుంటాను. అయినా వినండి. ఆలెన్ 1760లో బానిసగా పుట్టాడు. కట్టెలు కొట్టి, ఇటుక బట్టీలో చేసి, యుద్ధకాలంలో ఉప్పు బండి తోలి, పైసా పైసా కూడబెట్టి తనని తనే కొనుక్కున్నాడు. తనని తాను కొనుక్కోవడం! ఈ మాట తెలుగులో రాస్తున్నప్పుడు నా కలం ఆగిపోయింది. దానికి మనకు మాట లేదు.

యాంకర్: లెక్కల పుస్తకం అన్నారు?

మాస్టారు: 1793లో ఫిలడెల్ఫియాకి ఎల్లో ఫీవర్ వచ్చింది. యాభై వేల జనాభాలో దాదాపు ఐదువేల మంది పోయారు. డబ్బున్నవాళ్లు ఊరొదిలి పారిపోయారు. నల్లవాళ్లకి ఈ జ్వరం సోకదని డాక్టర్ బెంజమిన్ రష్ నమ్మాడు, సాయం చెయ్యమని అడిగాడు. ఆలెన్, ఆయన స్నేహితుడు అబ్సలోమ్ జోన్స్ తమవాళ్లని కూడగట్టారు. రోగులకి సేవ చేశారు, శవాలు మోశారు, పాతిపెట్టారు. నల్లవాళ్లకీ జ్వరం సోకింది, వందల్లో పోయారు. అంతా అయ్యాక మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త ఒక పుస్తకం వేసి, నల్ల నర్సులు ఎక్కువ డబ్బు గుంజారని, దొంగతనాలు చేశారని రాశాడు. ఆయన జ్వరం మధ్యలో ఊళ్లోనే లేడు.

ఫిలడెల్ఫియా మిత్రుడు: కోవిడ్ టైమ్‌లో ఇక్కడ ఈ కథ చాలామంది గుర్తు చేసుకున్నారు మాస్టారూ.

మాస్టారు: దానికి ఆలెన్, జోన్స్ 1794లో జవాబు అచ్చేశారు. అందులో కోపం ఉంది. దాంతోపాటు జమాఖర్చు కూడా ఉంది. పాతిపెట్టినందుకు, పరుపులు తగలబెట్టినందుకు వచ్చింది 233 పౌండ్ల చిల్లర. శవపేటికలకి 33 పౌండ్లు, ఐదుగురు కూలీలకి 378. చేతినుంచి పోయింది 177 పౌండ్ల పైచిలుకు. మన మీద నింద పడితే మనం ఏం చేస్తాం? ఒట్టు వేస్తాం, ఏడుస్తాం. వీళ్లు చిట్టా తెరిచి పెట్టారు.

లెక్చరర్: ఇది మాత్రం నేను క్లాసులో చెప్పాల్సిందే.

యాంకర్: ఆలెన్ పెట్టిన మదర్ బెథెల్ చర్చి ఇప్పటికీ ఉందా?

ఫిలడెల్ఫియా మిత్రుడు: ఉంది. 1794లో ఒక పాత కమ్మరి కొట్టుని గుర్రాలతో లాగించుకొచ్చి ఆ స్థలంలో పెట్టి చర్చి చేసుకున్నారు. ఇప్పుడున్న భవనం తర్వాత కట్టింది, కానీ స్థలం అదే. కింద మ్యూజియం, అక్కడే ఆలెన్ సమాధి. నేను వెళ్లిన రోజు లోపల ఇంకెవరూ లేరు. లిబర్టీ బెల్ దగ్గర మాత్రం క్యూ.

మాస్టారు: 1817 జనవరిలో ఆ చర్చిలోనే దాదాపు మూడువేల మంది కూడారు. స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లని ఆఫ్రికాకి పంపెయ్యాలని పెద్దమనుషులు కొందరు అంతకు నెల ముందే ఒక సంఘం పెట్టారు. సభ నడిపింది జేమ్స్ ఫోర్టెన్. తెరచాపలు కుట్టించే వ్యాపారి, బాగా డబ్బున్నవాడు, ఆయన దగ్గర తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి పనిచేసేవాళ్లు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో స్వాతంత్ర్య యుద్ధంలో ఓడెక్కి, బ్రిటిష్‌వాళ్లకి చిక్కి, జెర్సీ అనే జైలు ఓడలో నెలల తరబడి మగ్గాడు. తమాషా ఏమిటంటే, ఆయనకి లోలోపల వెళ్లిపోవడమే మేలని ఉండేది. వెళ్దామనేవాళ్లు ఎవరని అడిగితే ఒక్కరూ అవునన్లేదు. ఆయన ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు: జనం నాతో లేరు కాబట్టి నోరు మూసుకుంటాను అని. ఆ తర్వాత బతికినంతకాలం ఆ సంఘాన్ని వ్యతిరేకించాడు.

యాంకర్: నాయకుడు జనం వెంట నడిచాడన్నమాట.

లెక్చరర్: విలియం లాయిడ్ గారిసన్ కూడా ఇలాగే మారాడు. పుస్తకాల్లో ఆయన్ని ఉద్యమ పితామహుడు అన్నట్టు రాస్తారు. కానీ 1829లో ఆయన కూడా ఆఫ్రికాకి పంపే పథకానికి తలూపినవాడే. బాల్టిమోర్‌లో నల్లవాళ్లతో వాదనలు పడి మారాడు. 1831 జనవరి 1న బోస్టన్‌లో "లిబరేటర్" పత్రిక మొదలుపెట్టే ముందు ఆయన దగ్గర డబ్బుల్లేవు. ఫోర్టెన్ ఫిలడెల్ఫియా నుంచి ఇరవై ఏడు చందాల కింద 54 డాలర్లు పంపాడు. మొదటి ఏడాది చందాదారుల్లో ఎక్కువమంది నల్లవాళ్లే.

మాస్టారు: బోస్టన్‌లో డేవిడ్ వాకర్‌ని మర్చిపోవద్దు. పాతబట్టల కొట్టు ఆయనది. గిరాకీ ఎక్కువగా ఓడల కళాసీలు. 1829లో రాసిన కరపత్రాన్ని వాళ్ల బట్టల్లో పెట్టి కుట్టి దక్షిణాదికి పంపేవాడు. సవానాలో అరవై కాపీలు పట్టుకుంటే జార్జియా ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. మరుసటి ఏడాదే వాకర్ చనిపోయాడు. విషం పెట్టారని జనం అనుకున్నారు. క్షయ అని చరిత్రకారుల మాట.

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ఉత్తరం వైపు మిగిలింది.

ఫిలడెల్ఫియా మిత్రుడు: అక్కడ చూడ్డానికి ఒక బోర్డు తప్ప ఏమీ లేదు సార్. బానిసత్వం వద్దన్నవాళ్లకి ఎక్కడా సభకి హాలు అద్దెకివ్వడం లేదని చందాలేసుకుని పెన్సిల్వేనియా హాల్ కట్టుకున్నారు. 1838 మే 14న ప్రారంభం, 17 రాత్రికి బూడిద.

లెక్చరర్: అక్కడ బానిసత్వ వ్యతిరేక మహిళల సభ కూడా జరిగింది. నల్ల ఆడవాళ్లు, తెల్ల ఆడవాళ్లు పక్కపక్కన కూర్చున్నారన్నది అల్లరిమూకకి మంట. పదహారో తారీకున ఏంజెలీనా గ్రిమ్కె మాట్లాడుతుంటే కిటికీల మీద రాళ్లు పడ్డాయి. బానిసల యజమానుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. పెళ్లయ్యి అప్పటికి రెండు రోజులే! ప్రసంగం ఆపలేదు. మర్నాడు మేయర్, నల్ల ఆడవాళ్లు రాకపోతే మంచిదన్నాడు. వీళ్లు కుదరదన్నారు. జతలు జతలుగా చేతులు పట్టుకుని గుంపు మధ్యలోంచి బయటికి నడిచారు. ఆ రాత్రి నిప్పు పెట్టారు. ఫైర్ ఇంజన్లు వచ్చి పక్క భవనాల మీద నీళ్లు కొట్టాయి.

యాంకర్: అంతటితో సభ అయిపోయినట్టేనా?

లెక్చరర్: లేదు. పొద్దున్నే సారా ప్యూ అనే టీచరు బడిలో కూర్చుని మిగతా అజెండా పూర్తి చేశారు. అందులో ఒక తీర్మానం: నల్లవాళ్లతో కలిసి వీధుల్లో నడవాలి, చర్చిలో పక్కన కూర్చోవాలి, వాళ్లింటికి వెళ్లాలి, మనింటికి పిలవాలి అని. నెగ్గింది కానీ ఏకగ్రీవం కాలేదు.

మాస్టారు: ముందురోజు అదే గుంపు మధ్యలోంచి చెయ్యి పట్టుకుని నడిచినవాళ్లలో కూడా కొందరు ఒప్పుకోలేదంటారా?

లెక్చరర్: ఎవరు నడిచారో, ఎవరు వద్దన్నారో పేరుకు పేరు కలిపి చూడలేదు మాస్టారూ. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లే వద్దన్నారు.