‘ఓన్లీ’కీ ఏకారానికీ మధ్య

అధ్యక్షులకు, సాటి ఉపాధ్యాయులకు నమస్కారం. ఆహ్వాన పత్రంలో నా అంశం ‘ఓన్లీ అనే క్రియావిశేషణం: అర్థం, ప్రయోగం’ అని ఉన్నది కనుక ముందు ఆ బాకీ తీర్చుకుంటాను.

‘ఒకటి’ అనే అర్థమున్న మాటకు ‘వంటిది’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి, ప్రాచీన ఇంగ్లీషులోనే ఏర్పడిన పదమిది. ‘ఓన్లీ చైల్డ్’ అన్నప్పుడు ఆ ఒంటరితనం ఇప్పటికీ వినిపిస్తుంది. క్రియావిశేషణంగా మారినప్పుడే చిక్కు. ‘షీ ఓన్లీ రెడ్ ద లెటర్ ఎస్టర్‌డే’ అన్న వాక్యాన్ని, ఆమె ఉత్తరం చదివి ఊరుకున్నదనీ, ఉత్తరం ఒక్కటే చదివిందనీ, నిన్ననే చదివిందనీ మూడు విధాల గ్రహించవచ్చు. మాటలో ఊనిక ఎక్కడ పడిందో దానినిబట్టి అర్థం తేలుతుంది. కాగితం మీద ఆ ఊనిక కనిపించదు. అందుకే 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లోత్ దీనిని అది వర్తించే పదానికి దగ్గరగా ఉంచాలన్నాడు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు వెలువరించిన ఫౌలర్ మాత్రం, అర్థం చెడనప్పుడు, నలుగురూ పలికే వరుసను తప్పుపట్టనవసరం లేదన్నాడు. ఒప్పంద పత్రాలలో తప్ప నేను ఫౌలర్ పక్షమే.

‘ఇఫ్ ఓన్లీ’ కోరికనూ, ‘ఓన్లీ ఇఫ్’ షరతునూ చెబుతాయన్నది మీకు తెలిసినదే. దానిని వదిలి, నేను నిజంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. నా మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఐ వాజ్ దేర్ ఓన్లీ’ అన్నాను. ఎదుట కూర్చున్న ముగ్గురూ నవ్వారు. తప్పేమిటో ఒక్కరూ చెప్పలేదు. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉన్నది.

అయ్యా, అమ్మా, ఆలోచించండి. నేనన్నది ‘అక్కడే ఉన్నాను’ అని. మన అవధారణార్థక ఏకారం, అంటే ‘అక్కడే’ చివర నొక్కి చెప్పే ‘ఏ’, ఏ మాటకు అంటుకుంటే ఆ మాటనే పట్టుకుంటుంది కనుక, లోత్ కోరిన క్రమం మనకు పుట్టుకతోనే వచ్చింది. అయితే ఆ ఏకారానికి రెండు పనులున్నాయి: ‘మరొకటి కాదు’ అని మినహాయించడం, ‘సరిగ్గా ఇదే’ అని నొక్కి చెప్పడం. ‘ఓన్లీ’ మొదటి పని మాత్రమే చేస్తుంది. రెండవ పనిని కూడా దాని మీద మోపడమే నా తప్పు. ఆ ముగ్గురిలో ఒక్కరు ఈ ముక్క చెప్పి ఉంటే నాకు పదేళ్ల బెరుకు తప్పేది.

కనుక ఆ వాక్యం విద్యార్థి పుస్తకంలో కనబడితే ఎర్ర సిరాతో కొట్టివేసే ముందు, పక్కన దాని తెలుగు రాయించండి. ‘అక్కడే’కు ‘రైట్ దేర్’, ‘ఆ రోజే’కు ‘దట్ వెరీ డే’, ‘నేనే చేశాను’కు ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’ అని, మన ఒక్క అక్షరం చేసే పనిని ఇంగ్లీషు ఎన్ని మాటలకు పంచిందో చూపించి, ఆ తరువాత దిద్దండి.