బేస్‌ఎక్స్ లోపలి నిర్మాణం: ఎక్స్‌ఎమ్‌ఎల్ చెట్టు టేబుల్‌గా మారే తీరు

నమస్కారం. ఈ వీడియోలో బేస్‌ఎక్స్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాబేస్ లోపల ఏముందో చూద్దాం. ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య, ఒకదానిలో ఒకటి ఉండేలా, చెట్టు కొమ్మల్లా రాసే పద్ధతి. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ సాఫ్ట్‌వేర్‌ను జావాలో రాశారు. సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతుంది.

స్క్రీన్ మీద ఉన్న చిన్న ఫైలును గమనించండి. ‘గ్రంథాలయం’ అనే మూల ఎలిమెంటులో (ఎలిమెంటు అంటే ట్యాగుతో మొదలై ట్యాగుతో ముగిసే భాగం) రెండు ‘పుస్తకం’ ఎలిమెంట్లు, ఒక్కొక్క పుస్తకంలో ‘శీర్షిక’, ‘సంవత్సరం’ ఉన్నాయి. ట్యాగుల పేర్లు తెలుగులో ఉన్నాయని సందేహించకండి, 1998లో వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ప్రమాణమే అందుకు అనుమతించింది.

ఈ ఫైలును లోడ్ చేసేటప్పుడు బేస్‌ఎక్స్ మొదటి నుంచి చదువుతూ, ఎదురైన ప్రతి నోడ్‌నూ, అంటే డాక్యుమెంటు, ఎలిమెంటు, పాఠం వంటి ఒక్కొక్క భాగాన్నీ, టేబుల్‌లో ఒక వరుసగా పెట్టి దానికి ఒక వరుస సంఖ్య ఇస్తుంది. ట్యాగుల మధ్య ఖాళీలను వదిలేస్తే డాక్యుమెంటుకు 0, గ్రంథాలయానికి 1, మొదటి పుస్తకానికి 2, శీర్షికకు 3, అందులోని పాఠానికి 4, సంవత్సరానికి 5, అందులోని అంకెలకు 6, రెండో పుస్తకానికి 7 వస్తాయి. ఈ సంఖ్య పేరు ‘ప్రీ’. తనతో కలిపి తన కింద ఎన్ని నోడ్‌లు ఉన్నాయో చెప్పేది ‘సైజ్’. మొదటి పుస్తకం సైజ్ 5 కాబట్టి, 2కు 5 కలిపితే 7, అంటే ఆ పుస్తకాన్ని తెరిచి చూడకుండానే నేరుగా రెండో పుస్తకానికి చేరుకున్నాం.

మూడోది ‘డిస్ట్’. పేరెంట్ నోడ్, అంటే తనను నేరుగా తనలో ఉంచుకున్న నోడ్, ఎన్ని వరుసల వెనుక ఉందో ఇది చెబుతుంది. సంవత్సరానికి ఇది 3, కనుక 5లోంచి 3 తీసేస్తే పుస్తకం దొరుకుతుంది. పేరెంట్ సంఖ్యనే రాసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నా దృష్టిలో ఈ నిర్మాణంలోని తెలివంతా ఇక్కడే ఉంది. మధ్యలో కొత్త పుస్తకం చేరితే ఆ తరువాతి నోడ్‌ల వరుస సంఖ్యలన్నీ జరిగిపోతాయి, కానీ ఒక పుస్తకం లోపలి దూరాలు మారవు. పై నోడ్‌ల సైజ్, తరువాతి తోబుట్టువుల డిస్ట్ మాత్రమే సవరిస్తే చాలు. ప్రీ సంఖ్యను అసలు ఎక్కడా రాయరు, టేబుల్‌లో వరుస స్థానమే ఆ సంఖ్య. టేబుల్‌ను డిస్క్‌పై పేజీలనే ముక్కలుగా ఉంచుతారు. ఒక్కో వరుస 16 బైట్లు, ఒక్కో పేజీ 4096 బైట్లు, అంటే పేజీకి 256 నోడ్‌లు. ఏ పేజీ ఏ సంఖ్యతో మొదలవుతుందో విడిగా ఒక చిన్న పట్టికలో ఉంటుంది కాబట్టి టేబుల్ మొత్తాన్ని తిరగరాయవలసిన పని లేదు. అయితే ఒకే పేరెంట్ కింద లక్షల పుస్తకాలుంటే, వాటి మొదట్లో ఒకటి చేర్చడం ఖర్చుతో కూడిన పనే. చివర చేర్చడం మేలు.

పాఠం సాధారణంగా వేరే ఫైలులో ఉంటుంది, టేబుల్‌లో దాని చిరునామా ఉంటుంది. పాఠంపై కట్టిన టెక్స్ట్ ఇండెక్స్ (ఏ పాఠం ఏ నోడ్‌లలో ఉందో చెప్పే సూచిక) వల్లనే వెతుకులాట వేగంగా సాగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ‘సంవత్సరం’ 1952 అయిన పుస్తకాలను అడిగేటప్పుడు, ఆ 1952ను కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. సంఖ్యగా రాస్తే ఫలితం సరిగానే వస్తుంది గాని, ఇండెక్స్ వాడబడదు. బేస్‌ఎక్స్ తెరపై క్వెరీని (మనం అడిగిన ప్రశ్నను) ఎలా అమలు చేసిందో చూపే క్వెరీ ఇన్ఫో ప్యానెల్‌లో రెండింటికీ తేడా మీకే కనబడుతుంది. డేటాను మార్చాక ఇండెక్స్ చెల్లదు కాబట్టి, దాన్ని మళ్లీ కట్టే ఆప్టిమైజ్ కమాండ్ ఇవ్వండి, లేదా డేటాబేస్‌ను సృష్టించేటప్పుడే అప్‌డేట్ ఇండెక్స్ ఆప్షన్‌ను ఆన్ చేయండి.

ఇక సర్వర్ సంగతి. క్లయింట్లు, అంటే సర్వర్‌ను వాడుకునే ప్రోగ్రాములు, మామూలుగా 1984 నంబరు పోర్ట్ ద్వారా కలుస్తాయి, బ్రౌజర్ల కోసం హెచ్‌టీటీపీ సర్వర్ వేరుగా ఉంటుంది. ఒకే డేటాబేస్‌ను ఎందరైనా ఒకేసారి చదవవచ్చు, రాసేవారు మాత్రం ఒక్కరే, ఆ సమయంలో చదివేవారు ఆగవలసిందే. అందువల్ల తరచుగా మారే వివరాలను, ఉదాహరణకు పుస్తకాలు ఎవరికి ఇచ్చారన్న సమాచారాన్ని, పుస్తకాల జాబితా ఉన్న డేటాబేస్‌లో కాకుండా మరో డేటాబేస్‌లో పెట్టుకోండి.