పాత ఎస్‌ఎంపీఎస్ తీసి కొత్తది పెట్టేటప్పుడు

అందరికీ నమస్కారం. గేమింగ్ పీసీ మీద మాట్లాడతానంటే గ్రాఫిక్స్ కార్డుల సంగతి చెబుతాననుకుని వచ్చినవాళ్లు ఉంటారు. ఇవాళ మాత్రం క్యాబినెట్ అడుగున దుమ్ము పట్టి, గోడ కరెంటును పీసీకి పనికొచ్చేలా మార్చి ఇచ్చే పెట్టె గురించే. పవర్ సప్లై అనండి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో అడిగినట్టు ఎస్‌ఎంపీఎస్ అనండి.

బ్రౌజింగ్ చేసినంతసేపూ బాగానే ఉంటుంది, ఆట మొదలెట్టిన కాసేపటికి టప్‌మని ఆగిపోయి రీస్టార్ట్ అవుతుంది. అలాంటప్పుడు పవర్ సప్లైని అనుమానించడం సబబే. కానీ ప్రాసెసర్ వేడెక్కినా పీసీ ఇలాగే ఆగుతుంది, కాబట్టి ముందు టెంపరేచర్లు చూడండి. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి, ఫ్యాన్ తిరిగితే పెట్టె బాగున్నట్టేనని వీడియోల్లో చూపిస్తుంటారు. పెట్టె ఆన్ అవుతుందని మాత్రమే దాంతో తెలుస్తుంది. లోడు పడ్డాక నిలబడుతుందో లేదో తెలియదు. నమ్మకమైన పరీక్ష ఒకటే: స్నేహితుడి దగ్గర మంచి పవర్ సప్లై ఉంటే, దాని కేబుళ్లతో సహా తెచ్చి ఒక సాయంత్రం ఆడి చూడటం.

సరే, మార్చాల్సిందే అని తేలింది. ఎన్ని వాట్లు? ఒక మామూలు సెటప్ తీసుకుందాం. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో అరవై వేసుకున్నా మొత్తం 350 దాటదు. మరి ఎన్విడియా ఈ కార్డుకు 550 వాట్ల సప్లై ఎందుకు పెట్టుకోమంటుంది? గ్రాఫిక్స్ కార్డు కరెంటును ఒకే తీరుగా లాగదు. సెకనులో వెయ్యో వంతు సేపు తన లెక్క కంటే చాలా ఎక్కువ గుంజి, మళ్లీ తగ్గుతుంది. నాసిరకం సప్లై ఆ కుదుపుకే ట్రిప్ అవుతుంది. పీసీ పవర్ సప్లైలకు 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపులనే దృష్టిలో పెట్టుకుంది. పెద్ద కార్డులకు పనికొచ్చే సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడును తట్టుకోవాలని చెప్పింది. అందుకే కొత్తది కొనేటప్పుడు ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్నది చూసుకోమంటాను. పై సెటప్‌కు 550 చాలు, రేపు కార్డు మారుస్తాననుకుంటే 650 తీసుకోండి. వెయ్యి వాట్లు అవసరమని షాపువాడు చెబితే నవ్వి ఊరుకోండి.

అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లను నేను పెద్దగా పట్టించుకోను. పవర్ సప్లై మీదే ఒక పక్కన అతికించిన లేబుల్ చూడండి. అందులో 12 వోల్టుల గడి ఉంటుంది. మంచి 650 వాట్ల సప్లై మీద ఆ గడిలో 54 ఆంపియర్లు అని ఉంటుంది. 12ను 54తో గుణిస్తే 648, అంటే దాదాపు మొత్తం శక్తి 12 వోల్టుల లైనులోనే ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ లైనునే. అదే ‘500 వాట్లు’ అని రాసుకున్న చవకరకం మీద 25 ఆంపియర్లే కనిపిస్తే, మీకు పనికొచ్చేది 300 వాట్లే. మిగతా లెక్కంతా 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించిందే, వాటితో ఇప్పటి పీసీలకు పెద్దగా పని లేదు.

సప్లై మీద రాసే 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అంటే ఎఫిషియెన్సీ లెక్క, అంటే గోడ నుంచి లాగిన దాంట్లో ఎంత శాతం పీసీకి చేరుతుందో చెప్పేది, అంతే. 230 వోల్టుల పరీక్షలో, సగం లోడు దగ్గర బ్రాంజ్ 88 శాతం, గోల్డ్ 92 శాతం అందుకోవాలి. పీసీ 300 వాట్లు వాడుతుంటే గోడ నుంచి లాగే కరెంటులో తేడా సుమారు 15 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడినా నెలకు రెండు యూనిట్ల లోపే. కరెంటు బిల్లు కోసమైతే గోల్డ్ కొనక్కర్లేదు. అయితే గోల్డ్ సప్లైల్లో లోపలి సరుకు సాధారణంగా మెరుగ్గా ఉంటుంది, వారంటీ కూడా ఎక్కువ ఏళ్లు ఇస్తారు. నేను కొనేది వారంటీ చూసే.

ఇక అసలు ప్రమాదం కేబుళ్లతో. మాడ్యులర్ సప్లైల్లో కేబుళ్లు ఊడదీయొచ్చు. పాత కేబుళ్లను మదర్‌బోర్డు వెనక జిప్ టైలతో చక్కగా కట్టి ఉంటాం, మళ్లీ అదంతా ఎవడు విప్పుతాడని పెట్టె ఒక్కటే మార్చి, పాత కేబుళ్లనే కొత్త పెట్టెకు గుచ్చుతారు. కేబుల్‌కు డ్రైవు వైపు ఉన్న కొస అందరికీ ఒకటే. పవర్ సప్లై వైపు కొసకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు. ఏ పిన్నులో ఏ వోల్టేజీ వస్తుందో కంపెనీని బట్టి మారుతుంది, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారుతుంది. ప్లగ్గు మాత్రం శుభ్రంగా పడుతుంది! బటన్ నొక్కగానే 5 వోల్టులు రావాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తాయి, హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ ఒక్కసారిగా పోతాయి. అందులోని ఫొటోలు, ప్రాజెక్టులూ పోతాయి. వారంటీ వర్తించదు. పాత కేబుల్ ఒక్కటి కూడా ఉంచకండి, గంట పట్టినా సరే అన్నీ విప్పి కొత్తవి వేయండి.

గ్రాఫిక్స్ కార్డు ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్లకు లెక్క. కార్డుకు అలాంటివి రెండుంటే రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర పదహారు పిన్నుల కొత్త కనెక్టర్లు కరిగిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. ప్లగ్గు చివరిదాకా దిగకపోవడం అందులో పెద్ద కారణం. 2023లో సవరించిన కనెక్టర్ సరిగా దిగకపోతే పవర్ ఇవ్వదు. అయినా అంచు దగ్గర ఖాళీ లేకుండా దిగిందో లేదో టార్చ్ వేసి చూసుకోండి.

డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు మాత్రం ముందు మూత తీసి చూడండి. చాలా మోడళ్లలో పెట్టె ఆకారం, కనెక్టర్లు వాళ్ల సొంతవి, బజారులో దొరికేది పట్టకపోవచ్చు.

మన ఎండల సంగతి ఒకటుంది. కొన్ని సప్లైలకు రాసిన వాట్లు 40 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి, కొన్నింటికి 50 దగ్గర. మే నెలలో ఏసీ లేని గదే 40కి చేరే రామగుండంలో ఇది చిన్న తేడా కాదు. 50 అని రాసినదే తీసుకోండి.

యూపీఎస్ లెక్క కూడా చూసుకోవాలి. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని అమ్మేవి ఎక్కువగా 360 వాట్లకే. ఇందాకటి సెటప్ మానిటర్‌తో కలిపి గోడ నుంచి లాగేది అంతకంటే ఎక్కువ, కాబట్టి ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎస్‌ఎంపీఎస్ మార్చమనేవాళ్లు ఎంతోమంది. మార్చినా పోదు. సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి లీకేజీ కరెంటు బాడీకి చేరి, ఎర్తు వైరులోంచి వెళ్లిపోవాలి. ప్లగ్గుకు మూడు కాళ్లున్నా గోడలో ఎర్తు లేకపోతే అది మీ చేతి దాకా వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి, 230కి దగ్గరగా రావాలి. పెట్టె మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

మీలో కొందరు లేబుళ్ల ఫొటోలు తెచ్చారట. ముందు వరుస నుంచి మొదలుపెడదాం, ఫోన్లు ఇలా ఇవ్వండి.