బందరు డాక్టరు గారి బీమా కంపెనీ

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో కామర్స్ చదివే పిల్లలున్నారు, పాలసీలు చేయించే ఏజెంట్లున్నారు, కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు ఎత్తగానే చాలామందికి గుర్తొచ్చేది 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక, అందులో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఆయన ఓడిపోవడం. ఆ ఒక్క ఓటమి మాటున ఆయన చేసిన అసలు పని కనబడకుండా పోయిందే అని నాకు చాలా బాధ. 1880లో గుండుగొలనులో పుట్టి, మద్రాసులో డాక్టరీ చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టిన మనిషి, 1923లో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, రెండేళ్లకు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ అని ఇంకో బీమా కంపెనీ కూడా. అన్నీ బందరులోనే మొదలుపెట్టారు.

బ్యాంకు ఉండగా బీమా ఎందుకు? ఇది కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక ముప్పై ఏళ్ల బడిపంతులు ఇరవై ఏళ్ల గడువుతో పాలసీ తీసుకున్నాడనుకోండి. ఆ వయసులో చావు రిస్కు తక్కువ, వయసు మీదపడేకొద్దీ పెరుగుతుంది, ప్రీమియం మాత్రం మొదటి ఏడాది ఎంతో చివరి ఏడాదీ అంతే. అంటే మొదటి ఏళ్లలో ఆయన తన రిస్కుకు సరిపడేదానికంటే ఎక్కువే కడుతున్నాడు, ఆ ఎక్కువ కట్టిందే కంపెనీ దగ్గర నిధిగా పేరుకుంటుంది. బ్యాంకులో డిపాజిటరు రేపొద్దున వచ్చి నా డబ్బు నాకివ్వమనగలడు. బీమా డబ్బు అలా కాదు, ఏళ్ల తరబడి కదలదు. సొంత పెట్టుబడి అంతంతమాత్రంగా ఉన్న ప్రాంతానికి అలాంటి డబ్బు ఎంత అవసరమో ఆలోచించండి. అప్పటిదాకా మన ప్రీమియాలు బొంబాయికో, మద్రాసుకో, లండనుకో పోయేవి.

అసలు చిక్కంతా కూడా ఇక్కడే ఉంది. కొత్త కంపెనీకి వచ్చేది ఎక్కువ, క్లెయిములు తక్కువ, చేతినిండా డబ్బు ఆడుతూ కనిపిస్తుంది, కానీ అందులో చాలా భాగం అప్పుగా ఉన్న డబ్బు, ఎవరి భార్యాబిడ్డలకో ఎప్పుడో ఇవ్వాల్సింది. దాన్ని లాభం అనుకున్నవాడు మునుగుతాడు, జనాన్నీ ముంచుతాడు. పారిశ్రామికవేత్త రామకృష్ణ దాల్మియా సంగతి చూడండి, తన చేతిలో ఉన్న భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు రెండు కోట్లకు పైగా షేర్ల జూదంలో పోయిన నష్టాలకు మళ్లించారు, 1955 డిసెంబరులో ఎంపీ ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఆ గుట్టు రట్టు చేశారు, దాల్మియా చివరికి జైలుకు వెళ్లారు.

ఆ గుట్టు రట్టయిన మరుసటి నెలలోనే, 1956 జనవరి 19న, ఆర్డినెన్సుతో జీవిత బీమా మొత్తం ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది, సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టింది. మొత్తం 245 సంస్థలు అందులో కలిశాయి. వాటిలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా ఒకటి. అప్పుడు పట్టాభి గారు మధ్యప్రదేశ్ గవర్నరు.

జాతీయం చేయడం సరైనదే అని నా అభిప్రాయం, పల్లెల్లో మామూలు మనిషికి ఒక నమ్మకం కావలసి వచ్చింది. కానీ యజమాని మారినంత మాత్రాన ఆశ పోదు, మరుసటేడాదే ఎల్ఐసీ డబ్బుతో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కోటీ ఇరవై లక్షలకు పైగా పెట్టి కొన్నారు, ఆ గొడవలో 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పైసా ఎక్కడికి పోతోందో అడిగేవాళ్లు పార్లమెంటులో ఉండబట్టి అది బయటపడింది.

పట్టాభి గారి జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇంకొకటి. 1942 నుంచి దాదాపు మూడేళ్లు ఆయన అహ్మద్‌నగర్ కోటలో ఖైదీ. వ్యవస్థాపకుడు జైల్లో ఉన్నా బందరులో పెట్టిన బ్యాంకు, బీమా కంపెనీ మూతపడలేదు, అంటే ఆయన లేకపోయినా నడిచేలా వాటిని కట్టారన్నమాట.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్లల్లో, తాతయ్యల ట్రంకు పెట్టెల్లో పాత ఆంధ్రా ఇన్సూరెన్స్ పాలసీ బాండ్లు, ప్రీమియం రసీదులు, వార్షిక నివేదికలు దొరికితే చెదలకు వదిలేయకండి. ఫోటో తీసి మీ కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి, ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఆ డబ్బు ఎక్కడ పెట్టారు అన్న లెక్కలు వాటిలోంచే రాయగలం.